వీసా వచ్చేదాకా దాచొద్దు, స్వాతీ

నరసన్నపేట

చిరంజీవి స్వాతికి అత్త ఆశీస్సులు.

నువ్వు ఇంగ్లండులో నర్సు ఉద్యోగానికి ప్రయత్నం చేస్తున్నావని నిన్న మీ అమ్మ నోట జారింది. జారిన వెంటనే, "వదినా, వీసా వచ్చేదాకా ఎవరితోనూ అనకండి" అంది. మన ఇంటి పిల్ల ఐసీయూలో మూడేళ్లు నిలబడి పనిచేసి, తన జీతంలోంచే పరీక్షలకు ఫీజులు కట్టుకుని సముద్రం దాటబోతోందంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. మీ అమ్మ మాట విన్నాక మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

పరీక్షల సంగతి నీకు తెలిసిందే కాబట్టి పొడిగా చెప్పి వదిలేస్తాను. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అయితే అన్నింటా 7, రాతలో మాత్రం 6.5. వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ అయితే బి గ్రేడు, రాతలో సి ప్లస్. ఒకసారి ఒక విభాగంలో తగ్గితే బెంగపడకు, 12 నెలల లోపు రాసిన రెండు పరీక్షల మార్కులు కలుపుకోనిస్తారు. రెండింటిలోనూ ఏ విభాగమూ వాళ్లు పెట్టిన కనీసానికి దిగకుండా ఉంటే చాలు. సీబీటీ, అంటే కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష, మన దేశంలోనే రాయొచ్చు. ఆస్కీ, అంటే పని చేసి చూపించే పరీక్ష, అక్కడికి వెళ్లాక. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకో. అన్నీ అయ్యాక అక్కడ ఆగిపోయేవాళ్లు మనవాళ్లలో చాలామంది.

ఇక అసలు సంగతి. "వీసా వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట మన జిల్లాలో గల్ఫ్ ప్రయాణాల రోజుల నుంచీ ఆడపిల్లల్ని ముంచుతూనే ఉంది. దిష్టి తగులుతుందని, ఓర్వలేక ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తారని, కుదరకపోతే నలుగురిలో చిన్నతనమని దాస్తారు. సూట్‌కేసు కొన్నాక గాని పక్కింటికి తెలియదు. దాచిన పిల్లకు మాట్లాడటానికి ఇక ఒక్క మనిషే మిగులుతాడు, ఏజెంటు. అతను చెప్పిందే రేటు, అతను చెప్పిందే రూలు. "బయట చెబితే నీ సీటు ఇంకొకరికి పోతుంది" అని నూరిపోసేదీ అతనే. ఎందుకంటే ఆ ఆసుపత్రిలో పనిచేస్తున్న ఒక్క నర్సుతో నువ్వు ఐదు నిమిషాలు మాట్లాడితే అతని బేరం చెడిపోతుంది.

ఆమె నీకు మొదట చెప్పేది ఇదీ. బ్రిటన్ ప్రభుత్వ నియమావళి ప్రకారం నర్సును ఉద్యోగంలో పెట్టినందుకు ఆ నర్సు దగ్గర రుసుము తీసుకోకూడదు. ఏజెన్సీకి డబ్బిచ్చేది ఆసుపత్రి. మన దేశంలో నమోదైన ఏజెంటు కూడా, ఏ దేశానికి పంపినా, 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి అడగకూడదు. ఇంత చిన్న విషయం తెలియక జీడితోట తాకట్టు పెట్టే ఇళ్లున్నాయి, గుంటా.

"ముందు కేర్ అసిస్టెంటుగా (వృద్ధులను, రోగులను చూసుకునే మనిషిగా) వెళ్లు, అక్కడికెళ్లి నర్సుగా మారొచ్చు" అనే ఆశ ఇంకొకటి. 2025 జూలై 22 నుంచి బయటి దేశాల వాళ్లను కొత్తగా కేర్ వర్కర్లుగా తీసుకోవడం బ్రిటన్ ఆపేసింది. ఇప్పటికీ ఆ వీసా అమ్ముతానని ఎవరైనా వస్తే, అతని నంబరు బ్లాక్ చెయ్యి.

దాచి వెళ్లిన పిల్ల అక్కడ కష్టం వచ్చినా దాస్తుంది. నాకు అన్నిటికన్నా భయం అదే. వార్డులో ఎవరో చులకనగా మాట్లాడతారు, ఆస్కీ ఒకసారి తప్పుతుంది, గది అద్దెకే జీతం సగం పోతుంది. ఇంటికి ఫోన్ చేసి "బాగున్నానమ్మా" అంటుంది. మలయాళీ అమ్మాయిల్ని చూడు. దరఖాస్తు చేసిన రోజునే చర్చిలో, కాలేజీ గ్రూపులో, చిన్నమ్మ కూతురికి, అందరికీ చెప్పేస్తారు. ఏ ఆసుపత్రి మంచిది, ఏ మేనేజరు సెలవు ఇవ్వదు అన్నది వాళ్లకు విమానం ఎక్కకముందే తెలుసు. వాళ్ల తెలివి మనకంటే ఎక్కువేం కాదు. వాళ్లు నోరు విప్పి అడుగుతారు, అంతే. మా రోజుల్లో నర్సుల హాస్టల్‌కి కువైట్ నుంచి ఒక సీనియర్ రాసిన ఎయిర్‌మెయిల్ కవరు వస్తే గదులన్నీ తిరిగి చిరిగిపోయేది. జీతం ఏ తారీఖున ఇస్తారు, పాస్‌పోర్టు ఎవరు పెట్టుకుంటారు, రాత్రి డ్యూటీకి బండి పంపుతారా, అన్నీ అందులోనే ఉండేవి. ఇప్పుడు నీ చేతిలో ఫోన్ ఉంది. అయినా అడగవు!

కాబట్టి ఈ వారమే మూడు చోట్ల ఆడవాళ్లకు చెప్పు. మొదట నీ బీఎస్సీ బ్యాచ్ గ్రూపు, నీకంటే ఐదారేళ్లు ముందు చదివిన సీనియర్ల గ్రూపు. మన కాలేజీ నుంచి అక్కడికి ఎవరు వెళ్లారో వాళ్లలో ఒకరికైనా తెలుస్తుంది. రెండోది ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. 1908 నుంచి ఉన్న సంఘం, సభ్యత్వం లేకపోతే తీసుకో. పరాయి దేశంలో నువ్వు నర్సువని చెప్పేది రిజిస్ట్రేషను, నువ్వెలాంటి నర్సువో చెప్పేది నీతో పనిచేసినవాళ్లు. వాళ్లు దొరికేది సంఘంలోనే. మూడోది బ్రిటిష్ ఇండియన్ నర్సెస్ అసోసియేషన్, అక్కడ స్థిరపడిన మన నర్సుల సంఘం. తెలుగువాళ్లే కావాలని పట్టుబట్టకు. నీకు కావలసింది నీ విభాగంలో, అదే ఊళ్లో పనిచేసిన మనిషి. ఆమె కొట్టాయం పిల్ల అయినా, లూధియానా పిల్ల అయినా ఒకటే.

అడగడంలోనూ పద్ధతుంది. "హాయ్ అక్కా, యూకే గురించి చెప్పండి ప్లీజ్" అని పెడితే ఎవరూ జవాబివ్వరు, ఇవ్వకపోవడం తప్పు కూడా కాదు. పన్నెండున్నర గంటల లాంగ్ డే చేసి వచ్చిన మనిషి అంత పెద్ద ప్రశ్నకు ఎక్కణ్నుంచి మొదలుపెడుతుంది? మొదటి వాక్యంలో నువ్వెవరో, నీ అనుభవం ఎంతో రాయి. రెండో దాంట్లో ఎక్కడిదాకా వచ్చావో రాయి, ఓఈటీ అయింది, సీబీటీకి తేదీ తీసుకున్నాను అని. తర్వాత ఒకే ఒక ప్రశ్న, అవునో కాదో లేక ఒక అంకెతో జవాబు వచ్చేది. వాళ్ల వేసవిలో మనకంటే నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు వెనక ఉంటారు. నువ్వు పొద్దున్నే లేచి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి. జవాబు వచ్చాక కృతజ్ఞత చెప్పి వదిలేయకు. పని అయ్యాక "మీరు చెప్పినట్టే చేశాను, ఇలా అయింది" అని మళ్లీ రాయి. నీకు తెలిసింది వెనకాల వచ్చే పిల్లలకు గ్రూపులో పెట్టు. అడిగేటప్పుడే కనిపించే మనిషిని రెండోసారి ఎవరూ పట్టించుకోరు. ఇంకొకటి, పాస్‌పోర్టు, సర్టిఫికెట్ల ఫొటోలు ఏ గ్రూపులోనూ పెట్టొద్దు. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, "మన ఊరి అక్కే" అయినా సరే. గ్రూపుల్లో ఏజెంటు మనుషులు కూడా అక్కల్లాగే మాట్లాడతారు.

ఆఫర్ వచ్చాక ఆ ఆసుపత్రిలో ఉన్న ఇద్దరు నర్సులను, ఒకరికొకరు తెలియనివాళ్లను, వేర్వేరుగా అడుగు. ఆస్కీ శిక్షణ ఎన్ని వారాలు ఇచ్చారు, డ్యూటీ వేళల్లోనా, సెలవు రోజుల్లోనా? చేరిన 12 వారాల్లో మొదటిసారి రాయాలి, 8 నెలల్లో పాసవాలి, మొత్తం పది స్టేషన్లు, అంటే పది విడి పరీక్షాంశాలు. శిక్షణ లేకుండా దింపితే చాలా కష్టం. పిన్, అంటే అక్కడి నర్సు రిజిస్ట్రేషన్ నంబరు, వచ్చేదాకా బ్యాండ్ 4 (అక్కడి జీతాల మెట్లను బ్యాండ్లంటారు) జీతమా, వచ్చాక బ్యాండ్ 5కి ఏ నెల నుంచి మార్చారు? బస ఎన్ని వారాలు ఉచితం, ఆ తర్వాత అద్దె ఎంత? మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టమన్నారు, ఆ మొత్తం నెలనెలా తగ్గుతుందా? ఆ షరతు ఉండటం తప్పు కాదు. కాలం గడిచేకొద్దీ తగ్గాలి, ఏ ఖర్చుకెంతో రాసి ఉండాలి. విదేశీయులను పనిలో పెట్టుకోవడానికి ఆసుపత్రి తీసుకునే స్పాన్సర్ లైసెన్సు ఖర్చు, అందుకు ప్రభుత్వానికి కట్టే ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జీ యజమాని భరించాల్సినవి. నీ పేరున రాస్తే సంతకం పెట్టకు. ఇద్దరి జవాబులూ కలవకపోతే మూడో మనిషిని వెతుకు.

ఆడవాళ్ల మాట ఎంత మంచిదైనా కాగితంతో సరిచూసుకో. ఆసుపత్రి పేరు బ్రిటన్ హోమ్ ఆఫీసు స్పాన్సర్ల జాబితాలో ఉండాలి, ఏజెన్సీ పేరు అక్కడి ప్రభుత్వాసుపత్రుల యజమానుల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఎంప్లాయర్స్ వాళ్ల ఎథికల్ రిక్రూటర్ల జాబితాలో ఉండాలి. ఇక్కడి ఏజెంటైతే మన ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో అతని లైసెన్సు నడుస్తోందో, సస్పెండ్ అయిందో చూడు.

వెళ్లాక మొదటి నెలలోనే ఒక యూనియన్‌లో చేరు, రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ గానీ యునిసన్ గానీ. గొడవ మొదలయ్యాక చేరితే ఆ పాత గొడవకు సాధారణంగా సాయం చేయరు. మీ ఆసుపత్రిలో మహిళా సిబ్బంది నెట్‌వర్కు, విదేశాల నుంచి వచ్చిన నర్సుల నెట్‌వర్కు ఉన్నాయేమో కనుక్కుని సమావేశానికి వెళ్లు, మొదట్లో మాట్లాడకపోయినా ఫరవాలేదు. మూడేళ్లకోసారి రీవాలిడేషన్, అంటే నర్సు రిజిస్ట్రేషను కొనసాగించుకోవడం, ఉంటుంది. 450 గంటల పని, 35 గంటల చదువు, అందులో 20 గంటలు నలుగురితో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. సంఘాల శిక్షణ తరగతులు ఆ 20 గంటలకు పనికొస్తాయి, హాజరైన కాగితం దాచుకో. బ్యాండ్ 6 ఖాళీ పడబోతోందన్న కబురు, దరఖాస్తు ఎలా రాయాలన్న సలహా కూడా నీకు అక్కడే దొరుకుతాయి. మన పిల్లలు పని బాగా చేస్తే పైవాళ్లే గుర్తిస్తారని కూర్చుంటారు. గుర్తించరమ్మా, అడగాలి.

ఆఫర్ లెటరు, కాంట్రాక్టు ప్రతి పేజీ ఫొటో తీసి నాకు పంపు, వెనకవైపు చిన్న అక్షరాలు కూడా. సంతకం అది చూశాకే. ఈలోగా ఎవరికీ ఒక్క రూపాయి అడ్వాన్సు కట్టొద్దని మా తమ్ముడికి, అంటే మీ నాన్నకి, నేనే చెబుతాను. అన్నం వేళకు తిను, నైట్ డ్యూటీ చేసి వచ్చి చదవకు, పడుకుని లేచి చదువు.

మీ అత్త