డిక్కీ తెరుచుకోకపోతే గునపం జోలికి పోవద్దు, అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. తాతయ్య అంబాసిడర్ డిక్కీ బిగుసుకుపోయిందనీ, వీధి చివర మెకానిక్ కుర్రాడు గునపం పెట్టి లేపేస్తానంటున్నాడనీ రాశావు. ముందు ఆ కుర్రాణ్ణి ఆపు. తక్కిన సంగతులు తర్వాత.

ఎందుకంటే ఆ బండి తయారీ 2014 మే నెలలోనే బెంగాల్‌లోని ఉత్తరపార ఫ్యాక్టరీలో ఆగిపోయింది. ఇప్పుడు డిక్కీ మూత కావాలంటే షోరూమ్‌కి వెళ్లి తెచ్చుకునే వస్తువు కాదు, ఎక్కడో పాత బండిని విప్పితే దొరకాలి, దొరికినా అది మన బండికి అతికినట్టు కూర్చోవాలి. గునపంతో అంచు ఒక్కసారి వంగిందంటే టింకర్ ఎంత కొట్టినా, పుట్టీ ఎంత పెట్టినా, ఆ సందులోంచి ప్రతి వానకీ నీళ్లు దిగుతూనే ఉంటాయి. ఒక పూట ఓపిక పడితే పోయే తిప్పలకి బండికి జీవితాంతం రోగం తగిలించకు.

ఇప్పుడు బండి దగ్గరికి వెళ్లి తాళంచెవి పెట్టి నెమ్మదిగా తిప్పు, చేతికి ఏం తెలుస్తోందో గమనించు. చెవి అసలు కదలడం లేదంటే తప్పు లాక్ బ్యారెల్‌లో, అంటే చెవి దూరే గొట్టంలో ఉంది. కొంత తిరిగి, స్ప్రింగు ఎదురు తన్నుతున్నట్టు బరువుగా ఆగుతోందంటే బ్యారెల్ బాగానే ఉంది, మూతని పట్టి ఉంచే లోపలి లాచ్ కొక్కెం తుప్పుకో ఎండిపోయిన గ్రీజుకో పట్టేసింది. ఏ బరువూ లేకుండా గిర్రున తిరుగుతోందంటే లాచ్‌ని కదిపే బ్యారెల్ వెనక తోక విరిగిందో, లాచ్ నుంచి ఊడిందో అయ్యుంటుంది, ఇక బయటి నుంచి ఎంత తిప్పినా ఉపయోగం లేదు. నాలుగోది చాలామందికి తట్టదు. చెవి బాగానే తిరుగుతుంది, లోపల టక్కుమని చప్పుడు కూడా వినిపిస్తుంది, అయినా మూత లేవదు. అప్పుడు లాచ్ వదిలేసినట్టే, మూత చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ ఎండకి కరిగి రేకుకి అంటుకుపోయి ఉంటుంది. మన ఎండల్లో బండి బయటే నిలబెడితే ఇది మామూలే. పాత ఏటీఎం కార్డు తీసుకుని, సబ్బునీళ్లు పోస్తూ, సందులో చుట్టూ మెల్లగా జరుపుకుంటూ వెళ్లు, వదిలేస్తుంది.

చెవి కదలకపోతే ముందు చెవినే చూడు. పాత బండ్లకి చాలావరకు డూప్లికేట్‌కి తీసిన డూప్లికేటే ఉంటుంది. గాట్లు అరిగిపోయి ఉంటాయి. బ్యారెల్ లోపల సన్నటి ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి, చెవి గాట్లు వాటినన్నిటినీ ఒక మట్టానికి తెస్తేనే అది తిరుగుతుంది. అందుకే చెవిని పూర్తిగా లోపలికి నెట్టి, తర్వాత వెంట్రుకవాసి వెనక్కి లాగి తిప్పి చూడు, అరిగిన చెవికి ఇది చాలాసార్లు పనిచేస్తుంది. చెవి మెడ దగ్గర సన్నటి పగులు కనబడినా, కాస్త మెలిక పడ్డట్టున్నా అక్కడితో ఆపేయ్. ప్లయర్‌తో పట్టి తిప్పావో, సగం ముక్క లోపల ఉండిపోతుంది, టెన్షన్ రెండింతలవుతుంది. ఇంట్లో అమ్మ దగ్గర పాత తాళాల గుత్తి ఉంటే అడుగు, కంపెనీ ఇచ్చిన అసలు చెవి అందులో ఉందేమో.

డబ్ల్యుడి-40 అనే స్ప్రే డబ్బా కొనుక్కో. దానికి ఎర్రటి సన్న గొట్టం వస్తుంది, అది చెవి కన్నంలో పెట్టి కొట్టు, మూతకీ బాడీకీ మధ్య లాచ్ ఉన్న చోట కూడా కొట్టు, ఓ గంట వదిలేసి మళ్లీ కొట్టు. రాత్రంతా నాననిస్తే ఇంకా మంచిది. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో దాన్ని కనిపెట్టింది తేమని తరిమి తుప్పు పట్టకుండా చూడటానికి, మొదట్లో వాడింది అట్లాస్ క్షిపణుల రేకులకి. అంటే అది పట్టేసినదాన్ని వదిలిస్తుంది గానీ కందెనలా నిలిచి ఉండదు, ఆ తేడా తర్వాత పనికొస్తుంది. కొబ్బరినూనె మాత్రం పోయకు, దుమ్ముతో కలిసి జిగురైపోతుంది.

లాచ్ పట్టేసిందని తేలితే ఇద్దరు కావాలి. ఒకరు రెండు అరచేతులూ సరిగ్గా లాచ్ ఉన్న చోట మూత మీద పెట్టి కిందికి గట్టిగా నొక్కాలి, ఇంకొకరు అదే సమయంలో చెవి తిప్పాలి. పైకి లాగాలనే అందరికీ అనిపిస్తుంది, కానీ పైకి లాగేకొద్దీ కొక్కెం మీద బరువు పడి ఇంకా బిగుస్తుంది. లోపల సామాను మూతని పైకి తన్నుతున్నా ఇదే మందు. నొక్కుతూ, వదులుతూ, తిప్పుతూ ఉండు. మధ్యమధ్యలో మడతపెట్టిన గుడ్డ వేసి రబ్బరు సుత్తితో లాచ్ చుట్టూ తడుతూ ఉండు, తుప్పు రాలుతుంది. హ్యాండిల్‌ని మాత్రం బలవంతంగా వంచకు, పాత బండ్ల హ్యాండిళ్లు చాలావరకు పోత లోహం, వంగవు, పుటుక్కున విరుగుతాయి.

వీటికీ లొంగకపోతే వెనక సీటు వైపు నుంచి వెళ్లాలి. కూర్చునే మెత్త ముందు ఊడుతుంది, తర్వాత ఆనుకునేదాని అడుగున బోల్టులు వెతుకు, అవి విప్పి పైకి ఎత్తితే పై కొక్కేల నుంచి వస్తుంది. వెనక అట్ట ఉందో రేకు ఉందో, ఎక్కడ సందు ఉందో టార్చి వేసి చూడు. ఫోన్‌ని వీడియో మోడ్‌లో పెట్టి సెల్ఫీ కర్రకి తగిలించి సందులోంచి పంపితే లాచ్ ఎలా కూర్చుందో నీకే కనబడుతుంది, మా రోజుల్లో ఈ సుఖం లేదు. ఆ తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని పక్కకి నెట్టాలి. సన్నగా ఉన్నాడు కదా అని మన పిల్లల్లో ఎవర్నీ ఆ సందులోంచి లోపలికి దూర్చకు. లోపల ఉక్క, పెట్రోలు వాసన, పైన తెరుచుకోని మూత. ఎంత చిన్న పని అయినా వద్దు.

డ్రిల్లింగ్ ఆఖరి మాట. బ్యారెల్ పోయినా పర్లేదనుకున్నప్పుడే, చేయి తిరిగిన తాళాల మేస్త్రీతోనే. పెట్రోలు ట్యాంకు డిక్కీ కిందే ఉంది, మరిచిపోకు. వాసన వస్తుంటే డ్రిల్ ముట్టుకోనివ్వకు. గ్రైండర్, గ్యాస్ మంట అయితే అసలు ఆ చాయలకే రానివ్వకు.

తెరుచుకుందా, సంబరంలో మళ్లీ మూసేయకు! చాలామంది తడబడేది ఇక్కడే. మూత ఎత్తి ఉండగానే పాత గ్రీజంతా కిరోసిన్, బ్రష్‌తో కడుగు, ఆరాక లాచ్‌కి కొత్త గ్రీజు పెట్టు, బ్యారెల్‌లో గ్రాఫైట్ పొడి వెయ్. కింద బాడీకి ఉన్న స్ట్రైకర్, అంటే కొక్కెం పట్టుకునే ముక్క, పక్కకి జరిగిందనిపిస్తే, బోల్టులు వదులు చేసే ముందు దాని చుట్టూ మార్కర్‌తో గీత గీసుకో, లేకపోతే పాత చోటు దొరక్క రోజంతా తంటాలు పడతావు. బీడింగ్ పాడైతే మార్చెయ్, విజయవాడ ఆటోనగర్‌లో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు, పాత ముక్క పట్టుకెళ్లు.

అన్నీ అయ్యాక, మూత పైకే ఉంచి స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని మూసిన స్థితికి నెట్టి, చెవితో తెరిచి చూడు. ప్రతిసారీ తడబడకుండా వదిలితేనే మూత దించు. సైకిల్ బ్రేకు తీగ ఒకటి తెచ్చి, లాచ్ కదిలే ముక్కకి కట్టి, రెండో కొస వెనక సీటు చాటుకి తెచ్చి పెట్టు. మళ్లీ ఎప్పుడైనా మొరాయిస్తే సీటు ఎత్తి లాగితే చాలు. కడుతున్నప్పుడు ఎక్కడ కట్టాలో సందేహం వస్తే వీడియో కాల్ చెయ్, సాయంత్రం ఇంట్లోనే ఉంటాను.

మామయ్య