కీ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు

అమ్మా జ్యోతీ,

నువ్వు సర్పంచ్‌గా నిలబడతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. బెంగళూరు ఉద్యోగం వదిలేసి ఇదేం పిచ్చి అని దాని మీద అరిచాను. సాయంత్రం పాలకు పోయినప్పుడు మాత్రం అంగట్లో నలుగురికీ చెప్పుకొని వచ్చాను.

నామినేషన్, డిపాజిట్ సంగతి ఎంపీడీవో ఆఫీసులో చెప్తారు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఒకసారి చదువు. లెక్కలు గ్రామసభ ముందు పెట్టాలని అందులోనే ఉంది, కంప్యూటర్ వచ్చినా అది తప్పదు.

అన్నీ ఆన్‌లైన్ చేసేస్తా అన్నావంట. 2011లో మీసేవ మన చిత్తూరు జిల్లాలోనే మొదలైంది, అప్పుడు మేమూ ఇట్లాగే ఎగిరాం. ఇప్పుడు గవర్నమెంటు వాట్సాప్ సర్వీసు మన మిత్ర పుణ్యాన సర్టిఫికెట్లు వాట్సాప్‌లోకే వస్తున్నాయి, సంతోషమే. నా భయమంతా డిజిటల్ కీ గురించి, అదే, కంప్యూటర్‌కు పెట్టి పిన్ కొడితే మన సంతకం పడే ఆ చిన్న పరికరం. ఆర్థిక సంఘం డబ్బు కదలాలంటే పంచాయతీ లెక్కల వెబ్‌సైట్ ఈ-గ్రామస్వరాజ్‌లో కార్యదర్శి కీ, సర్పంచ్ కీ రెండూ పడాలి.

నేను పంచాయతీ కార్యదర్శిగా రిటైర్ అయ్యే ముందు ఏడాది మీ అత్తకు మోకాలి ఆపరేషన్. తిరుపతిలో వారం రోజులు ఉన్నాం. పోతా పోతా నా కీ ఆపరేటర్ కుర్రాడికిచ్చి, పిన్ చీటీ మీద రాసిచ్చాను. సర్పంచమ్మ కీ ఎప్పుడూ వాళ్లాయన జేబులోనే ఉండేది. ఆ వారంలోనే కాలనీ బోరు మోటారు కాలిపోయింది. రిపేరు బిల్లు పాసైపోయింది, మోటారు మాత్రం వైండింగ్ షాపులోనే పడి ఉంది.

నేను వచ్చేసరికి ఆఫీసు ముందు ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. "దుడ్లు ఇచ్చేసినావంట కదా సారూ, నీళ్లేవి?" అందొక ముసలామె. ఓచర్ తీయిస్తే కింద నా పేరు, తేదీ, 12 గంటల 40 నిమిషాలు. ఆ టైముకు నేను ఆసుపత్రి క్యాంటీన్‌లో పెరుగన్నం పొట్లం కట్టించుకుంటా ఉన్నాను! కుర్రాడు పైసా తినలేదు. కాంట్రాక్టరు తొందరపెట్టాడు, వీడు నొక్కేశాడు. ఆడిట్‌లో నేను ఊళ్లోనే లేనన్నాను. 2000 నాటి ఐటీ చట్టం తీసి చూపించారు: ఆ సంతకం చేతి సంతకంతో సమానం, కీ భద్రం కూడా నీ బాధ్యతే అని. డబ్బు నా జీతంలో పట్టుకున్నారు. అది మర్చిపోయాను, ఆ బిందెలే మర్చిపోలేదు.

మీ ఆయన మంచివాడే, సంబంధం చూసింది నేనే కదా. అయినా ఆయన జేబులో కూడా వద్దు. మొహమాటపడ్డావంటే నాలుగు తిట్టడానికి నేనే వస్తా.

ఎండలో తిరిగేటప్పుడు మజ్జిగ తాగు, చిన్నప్పటి నుంచీ నీకు ఎండ పడదు. ఆదివారం ఇద్దరూ రండి. ఆ ఓచర్ జిరాక్స్ బీరువాలోనే ఉంది, చూపిస్తా. మీ అత్త సంగటి, ఊరిబిండి చేస్తానంటోంది.

మీ మామ