ఒంట్లో మౌనంగా ఉండే వైరస్, బయటికి తీయగానే ఎందుకు మేల్కొంటుంది?

ల్యుకేమియా (రక్త క్యాన్సర్) తెచ్చే రెట్రోవైరస్, అంటే మన కణాల డీఎన్ఏలో కలిసిపోయే వైరస్, జన్యువుల పనితీరును రోగనిరోధక కణాలు నిజంగా మార్చగలవా అని మీరు అడిగారు. విజయనగరం జిల్లాలో పశువైద్యుడిగా పనిచేస్తున్న నాకు ఇదే సందేహం ఒక ఆవు దగ్గర మొదలైంది.

గరివిడి దగ్గరి పల్లెలో ఒక సంకరజాతి ఆవుకు జబ్బల ముందున్న లింఫు గ్రంథులు కోడిగుడ్డంత ఉబ్బితే, బోవైన్ ల్యుకేమియా వైరస్, అంటే బీఎల్‌వీ, ఏమోనని కంగారుపడ్డాను. గ్రంథిలోకి సూది గుచ్చి తీసిన ద్రవాన్ని గాజు పలకపై పూసి, గీమ్సా రంగు వేసి చూస్తే, లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాల లోపల నీలి ముద్దలు కనిపించాయి. అది పిడుదుల వల్ల వచ్చే పరాన్నజీవి జబ్బు, థైలీరియోసిస్. ఆవు బుపార్వకోన్ ఇంజక్షన్‌తో కోలుకుంది. కానీ ఆ భయమే నన్ను బీఎల్‌వీ గురించి, మనుషులకు సోకే దాని దగ్గరి చుట్టం హెచ్‌టీఎల్‌వీ-1 గురించి చదివించింది.

హెచ్‌టీఎల్‌వీ-1ను 1980లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గాలో బృందం ప్రకటించింది. అది టి కణాల (లింఫోసైట్లలో ఒక రకం) డీఎన్ఏలోకి చొరబడి స్థిరపడుతుంది. సోకినవారిలో సుమారు 5 శాతం మందికే, అదీ దశాబ్దాల తరువాత, ల్యుకేమియా వస్తుంది. వైరస్ జన్యువులను ఉధృతంగా పనిచేయించే టాక్స్ అనే ప్రోటీన్‌నే సోకిన కణాలను చంపే మన సీడీ8 టి కణాలు అన్నిటికంటే గట్టిగా గుర్తుపడతాయి. అందువల్ల టాక్స్‌ను తయారుచేసిన కణం బయటపడిపోయి చస్తుంది, తయారుచేయనిది మిగులుతుంది. రోగి రక్తంలో టాక్స్ దాదాపు కనిపించకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అదే రక్తంలోని లింఫోసైట్లను ప్రయోగశాలలో పెంచితే కొద్ది గంటల్లోనే టాక్స్ తయారవడం మొదలవుతుంది. అందులోంచి సీడీ8 కణాలను ముందే తీసేస్తే టాక్స్ ఉన్న కణాలు ఇంకా ఎక్కువగా మిగులుతాయి. నన్ను ఎంతగానో ఆకట్టుకున్న ప్రయోగం ఇది.

కాబట్టి మీ ప్రశ్నలోని 'మార్చడం' అన్న మాటను రెండుగా విడదీయాలని నా అభిప్రాయం. సీడీ8 కణాలు చేసేది ప్రధానంగా ఏరివేత. అవి జన్యువును ఆపడం లేదు, జన్యువు పనిచేసిన కణాన్ని తొలగిస్తున్నాయి. ఇంటర్‌ఫెరాన్ వంటి రోగనిరోధక సంకేతాలైతే సోకిన కణం లోపలే వైరస్ జన్యువుల పనిని తగ్గిస్తాయి. ఈ ఒత్తిడి మధ్య, డీఎన్ఏ రెండో పోగు మీదున్న మరో వైరస్ జన్యువు హెచ్‌బీజెడ్ మాత్రం సన్నగా, ఎడతెగకుండా పనిచేస్తూ కణాన్ని విభజింపజేస్తుంది. రోగనిరోధక కణాలు దాన్ని అంతగా పట్టించుకోవు.

అయితే వైరస్ పూర్తిగా నిద్రపోతోందని అనుకోకండి. సోకినవారిలో టాక్స్‌ను గుర్తించే టి కణాలు ఏళ్ల తరబడి చురుగ్గా ఉంటాయంటే, అది అప్పుడప్పుడూ మేల్కొంటూనే ఉందన్నమాట.

ఆవుల్లోనూ బీఎల్‌వీ ఇలాగే బి కణాల్లో (మరో రకం లింఫోసైట్లు) మౌనంగా దాగుతుంది. అందుకే పరీక్షలో వైరస్ ప్రోటీన్‌ను వెతకరు, ప్రతిరక్షకాలనో, కణంలోని వైరస్ డీఎన్ఏనో వెతుకుతారు. ఆ మౌనంగా ఉన్న కణం సూది అంచున ఉన్న కాస్త రక్తంతో మరో ఆవులోకి చేరినా సోకగలదు. ఒక టీకాల శిబిరంలో ఒకే సూదితో వరుసగా పశువులకు వేయడం నేను స్వయంగా చూశాను. ఆనాటి నుంచి నా సంచిలో పశువుకొక సూది లెక్కన పెట్టుకుని బయలుదేరుతున్నాను.