వచ్చిండా, వచ్చిందా, వచ్చిండ్రా?

సందేహం: మాది హన్మకొండ. ఒక పత్రికకు జిల్లా వార్తలు రాస్తుంటాను. ఈమధ్య ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఉద్యోగంలో చేరిన వార్త పంపితే డెస్కులో తలా ఒక తీరుగా దిద్దారు. ఒకరు ‘చేరాడు’ అన్నారు, ఇంకొకరు ‘చేరింది’ అన్నారు. నపుంసకలింగం కాబట్టి ‘అది’ అనాలని మరొకరు. నేను రాసిన ‘వారు చేరారు’ మాత్రం ఇంగ్లీషును చూసి పెట్టిన వాత అట. ఏది సరైనది?

సమాధానం: ముందు ఆ ‘అది’ సంగతి తేల్చాలి. నపుంసకలింగం అనేది సంస్కృతంలో మాటకు ఉండే లింగం, మనిషికి ఉండేది కాదు. భార్య అనే అర్థంలో అక్కడ ‘దార’ పుంలింగం, అదీ ఎప్పుడూ బహువచనమే, ‘కళత్రం’ నపుంసకం. అంతమాత్రాన ఎవరి ఇల్లాలూ మగవాడైపోలేదు. తెలుగుకు ఆ మూడు లింగాల లెక్కే లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పింది మహత్తు, అమహత్తు అనే విభాగం. మగవారిని చెప్పేవి మహత్తులు, తక్కినవి అమహత్తులు. ఆడవాళ్లు ఏకవచనంలో గొడ్డూగోదతో చేరి, బహువచనంలో మనుషుల్లోకి వస్తారు: అక్క వచ్చింది, ఆవు వచ్చింది, అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి. (ఆదిలాబాద్ వైపు మాట్లాడే గోండి, కొలామీ భాషల్లో బహువచనంలో కూడా వాళ్లకు ఆ మర్యాద లేదు.)

‘అది’ అనడానికి వ్యాకరణం అడ్డు రాకపోవచ్చు, వాడుక వస్తుంది. మన ఇండ్లల్ల తల్లి కూతురి గురించి ‘అది ఇంకా బడి నుంచి రాలే’ అంటే చనువు. అదే మాట బయటివాడు అంటే కొట్లాట. పత్రికకు ఎవరితోనూ ఆ చనువు ఉండదు.

ఇక ‘చేరాడు’, ‘చేరింది’. తెలుగులో క్రియ అర్థాన్ని పట్టుకొని నడుస్తుంది. ఎవరిని మగవారిగా ఎరిగితే వారికి ‘డు’, ఎవరిని ఆడవారిగా ఎరిగితే వారికి ‘ది’. కాబట్టి ఆ మనిషి ఎవరన్నదే ప్రశ్న, దాన్ని డెస్కు తేల్చలేదు. తన లింగ గుర్తింపును తానే చెప్పుకునే హక్కు వ్యక్తికి ఉందని సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో 2014 ఏప్రిల్ 15న చెప్పింది. అంటే అడగాలి. ‘మీ గురించి రాసేటప్పుడు ఆమె అనాలా, ఆయన అనాలా, వారు అనాలా?’ అంటే చాలు. అడగడానికి తెలుగు చాలా అనువైనది. మధ్యమ పురుషలో లింగభేదం లేదు. ‘ఎప్పుడొచ్చినవ్’, ‘ఎప్పుడొచ్చిండ్రు’ ఎవరితోనైనా అనొచ్చు. తోకల దగ్గరే జాగ్రత్త: ‘ఏందిరా’, ‘ఏందే’ అన్నామంటే తీర్పు చెప్పేసినట్టే. ‘అండీ’తో ఆ చిక్కు లేదు.

ఉత్తమ పురుషలోనూ అంతే. మీ ఉత్తరమంతా చదివినా మీరు ఆడవారో మగవారో నాకు తెలియలేదు. ‘మాది హన్మకొండ’, ‘రాస్తుంటాను’ అన్నారు. అదే ‘నేను హన్మకొండవాణ్ని’ లేదా ‘హన్మకొండదాన్ని’ అని ఉంటే తెలిసిపోయేది. ఎవరి మాటలనైనా ఉటంకించేటప్పుడు ఈ ‘వాణ్ని’, ‘దాన్ని’ చివరలను వాళ్లు అన్నది అన్నట్టే ఉంచాలి, దిద్దకూడదు.

‘వారు’ ఇంగ్లీషు నుంచి రాలేదు. తలుపు చప్పుడైతే ‘ఎవరో వచ్చిండ్రు, చూడు’ అంటాం. వచ్చింది ఒక్కరే, ఆడో మగో తెలియదు, క్రియ మాత్రం బహువచనం. ‘ఒకరు అన్నారు’ అని మీరే రాశారు. సారు వచ్చిండ్రు, కలెక్టర్ ఆదేశించారు, అన్నీ ఆ కోవవే.

అయితే ‘వారు’ను మందులా అన్నిటికీ వేస్తే రెండు చోట్ల వికటిస్తుంది. ఒకే వార్తలో తక్కిన కొత్త ఉద్యోగులను ‘చేరాడు’, ‘చేరింది’ అని, ఈ ఒక్కరిని మాత్రం ‘చేరారు’ అంటే గౌరవం కాస్తా వెలివేతలా కనిపిస్తుంది. అందరికీ ‘చేరారు’ అనండి. ఇక ‘నన్ను ఆమె అనండి’ అని స్పష్టంగా చెప్పిన మనిషిని పట్టుబట్టి ‘వారు’ అనడం మర్యాద కాదు, తప్పించుకోవడం. ‘ఆమె చేరారు’ అనండి. ఆమెతో ‘రు’ చక్కగా ఒదుగుతుంది. ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడబిడ్డగా నమోదై, తనను మగవాడిగా చెప్పుకునే వ్యక్తి) కోరుకుంటే ‘ఆయన చేరారు’. (మన వైపు మాటల్లో ‘ఆయ్న వచ్చిండు’ కూడా గౌరవమే, రాతలో అది చెల్లదు.)

అడిగే వీలు లేనప్పుడు కొన్ని రూపాలు ఆదుకుంటాయి. ‘రాలేదు’, ‘చేయలేదు’ అనే భూతకాల వ్యతిరేకాలకు లింగం లేదు. ‘రావాలి’, ‘రావచ్చు’ కూడా అంతే. భవిష్యత్తులోకి వెళ్తే మాత్రం ‘రాడు’, ‘రాదు’, ‘రారు’ అని విడిపోతాయి. ‘లేడు’, ‘లేదు’, ‘లేరు’ సంగతీ అదే. చాలామంది బోల్తాపడేది ‘వ్యక్తి’ దగ్గర. ఆ మాటకు లింగం లేదు కదా అని మొదలుపెట్టి ‘ఆ వ్యక్తి చెప్పాడు’ అని ముగిస్తారు. ‘ఆ వ్యక్తి చెప్పినదాని ప్రకారం’ అని మలుపుకుంటే సరి. పలువురున్న వార్తలో ‘వారు వెళ్లి వారిని కలిశారు’ అంటే ఎవరు ఎవరినో అర్థం కాదు; అక్కడ సర్వనామం వదిలి పేరు మళ్లీ రాయండి.

నామవాచకాల్లో తప్పులు ఇంకా ఎక్కువ. హిజ్రా అనేది గురువు, చేలాల (శిష్యుల) కట్టుబాటు ఉన్న ఒక సమాజం పేరు. ట్రాన్స్ మహిళలందరూ అందులో ఉండరు, ట్రాన్స్ పురుషులకు అసలు వర్తించదు. ‘నపుంసకుడు’, ‘ఆడంగి’, ‘కొజ్జా’ తిట్లే. నిజాం కాలపు 1329 ఫస్లీ (1919) నాటి నపుంసకుల చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసింది. అలాంటి వార్తలో చట్టం పేరు చెప్పేచోట తప్ప ఆ మాట వద్దు. వేములవాడలో శ్రీరామనవమికి తలంబ్రాలు పోసుకునే ‘శివపార్వతులు’ అనే భక్తులను గంపగుత్తగా హిజ్రాలని శీర్షిక పెట్టడం మరో పొరపాటు. వాళ్లలో హిజ్రాలూ ఉంటారు, జోగినులూ ఉంటారు. శివపార్వతులు అన్నది మొక్కును బట్టి వచ్చిన పేరు. దాన్నే రాయండి.

‘ట్రాన్స్‌జెండర్‌గా మారిన యువకుడు’ అనే వాక్యం పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. పొగుడుతూనే ‘యువకుడు’ అని వెనక్కి లాగుతుంది. అవసరమైతే ‘పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదైన’ అనండి. ఉద్యోగంలో చేరిన వార్తకు అదీ అక్కర్లేదు. పాత పేరు, ఆపరేషన్ వివరాలు అంతకన్నా అక్కర్లేదు.