కోట అని రాయకు, ఇల్లు అని రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం గురించి రాస్తూ, వాషింగ్టన్ జోలికి పోకుండా న్యూయార్క్ సరిహద్దులోని మోహాక్ లోయ రైతుల్ని పట్టుకున్నావు. అక్కడే నాకు నీ మీద నమ్మకం కుదిరింది.

కానీ మొదటి వాక్యంలోనే 'కోట' అన్నావు. ఆ మాట వినగానే మనవాళ్ల కళ్ల ముందు గోల్కొండ నిలబడుతుంది. ఫోర్ట్ క్లాక్ అలాంటిది కాదమ్మా. 1750లో జొహానెస్ క్లాక్ కట్టుకున్న ఇల్లు అది. సున్నపురాయి గోడలు, దాదాపు రెండడుగుల మందం. తుపాకీ గొట్టం పెట్టేందుకు వాటిలో సందులు. నేలమాళిగలో నీటి ఊట. యుద్ధం ముదిరాక చుట్టుపక్కల కుటుంబాలు పిల్లాజెల్లాతో అక్కడికే చేరేవి. తుపాకుల గురించి రెండు పేజీలు రాశావు, ఆ ఊట గురించి ఒక్క ముక్కా లేదు. బయట అడుగు పెడితే ప్రాణం పోయే రోజున చెక్క బకెట్ పట్టుకుని మెట్లు దిగే ఆడమనిషికి, ఆ చీకట్లో నీళ్ల చప్పుడు వినిపిస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించు.

1780 అక్టోబరు సంగతీ అంతే. గోధుమ కోతలు అయిపోయి గింజలు కొట్లకు చేరిన రోజులు. వాషింగ్టన్ సైన్యానికి ఆ లోయల నుంచి తిండి వెళ్లేది. అందుకే బ్రిటిష్ పక్షాన పోరాడే సర్ జాన్ జాన్సన్ దళం 17న స్కొహారీ లోయలో, 19న స్టోన్ అరేబియాలో ఇళ్లూ కొట్లూ తగలబెట్టుకుంటూ వచ్చింది. ఆ సాయంత్రమే క్లాక్ ఇంటికి దగ్గరి పొలాల్లో పోరు జరిగింది. రాతి గోడలు మనుషుల్ని కాచాయి గానీ, పంటను కాచలేకపోయాయి. సందులోంచి గురిపెట్టిన రైతుకు శత్రువు కంటే ముందు కనబడేది ఏడాది కష్టం కాలుతున్న పొగ. నీ కథ అక్కడుంది.

ఇంకోటి. శత్రువును ముఖం లేని గుంపులా రాశావు. నాకు నచ్చలేదు, దాచను. జాన్సన్ పెరిగింది ఆ లోయలోనే. బ్రిటిష్ రాజు పక్షాన నిలిచి 1776లో కెనడాకు వెళ్లిపోయాడు. అతని వెంట వచ్చినవాళ్లలో ఒకప్పటి ఇరుగుపొరుగు కూడా ఉన్నారు. ఏ దారి ఎవరి వాకిట్లోకి పోతుందో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇక ఆ దళంలోనే ఉన్న ఇరోక్వాయ్ యోధులు, అంటే అక్కడి స్థానిక తెగలవాళ్లు. అంతకుముందు ఏడాదే, 1779లో, వాషింగ్టన్ పంపిన సల్లివాన్ సైన్యం వాళ్ల ఊళ్లు 40కి పైగా కాల్చి, మొక్కజొన్న చేలు నాశనం చేసింది. ఆ చలికాలం ఎంతోమంది బ్రిటిష్ వాళ్ల నయాగరా కోట దగ్గర ఆకలితో అలమటించారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే నీ పాఠకుడు కాగడా పట్టుకున్న చేతిని వేరేగా చూస్తాడు.

తేదీల జోలికి పోకు, అవి బాగానే ఉన్నాయి. పోరు సీన్ సగానికి తగ్గించు. అన్ని కుటుంబాలు ఆ గదుల్లో రాత్రి ఎలా సర్దుకున్నాయి, పసిబిడ్డ ఏడిస్తే ఎవరు ఎత్తుకున్నారు, అది నువ్వే ఊహించి రాయాలి. తెల్లారి తలుపు తీసి ముందుగా ఎవరు బయటికొచ్చారో, అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ పంపు. ఎదురుచూస్తుంటాను.