అరకులో పిల్లల బట్టల దుకాణం: బంగారం మీద అప్పు తెచ్చి పెట్టవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ వన్‌టౌన్. మా మామగారి కాలం నుంచి పిల్లల రెడీమేడ్ దుస్తుల దుకాణం నడుపుతున్నాం. ఏడాదికి 70 లక్షల దాకా అమ్మకాలు ఉంటాయి. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నాం. మా అబ్బాయి అరకులో పిల్లల స్వెటర్లు, జాకెట్లతో రెండో దుకాణం పెడదామంటున్నాడు. అక్కడ తనకు తెలిసిన గిరిజన మిత్రుడి పేరున మా డబ్బుతో 14 లక్షలకు గది కొని, వ్యాపారం మేమే చేసుకోవాలని ఆలోచన. ఫర్నిచరుకు 3 లక్షలు, సరకుకు 8 లక్షలు అవుతాయి. ఇందులో 10 లక్షలు నా బంగారం మీద అప్పు, 15 లక్షలు అమ్మాయి చదువు కోసం వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్. ఇప్పటికే 50 వేలు బయానా ఇచ్చాడు. మావారికి ఇష్టమే. నాకే భయంగా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ భయం న్యాయమైనదే. ఆ గది కొనవద్దు. లాభనష్టాల లెక్క తర్వాత చూద్దాం, ముందు చట్టం సంగతి.

అరకు లోయ షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతంలో ఉంది. అక్కడ 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని కట్టుదిట్టం చేసిన 1970 సవరణ అమల్లో ఉన్నాయి. అందరూ 1/70 చట్టం అనేది దీన్నే. దీని ప్రకారం అక్కడి స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి మారితే ఆ బదలాయింపు చెల్లదు. అమ్మకం ఒక్కటే కాదు, లీజు, తనఖా, బహుమతి కూడా బదలాయింపు కిందికే వస్తాయి. ‘కొనకుండా అద్దెకు తీసుకుంటే?’ అని మీ అబ్బాయి అడగవచ్చు. ఆ దారి కూడా లేదు. మైదానాల నుంచి వెళ్ళిన వ్యాపారుల చేతుల్లోకి, వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి గిరిజనుల భూములు పోతుంటే ఆపడానికి వచ్చిన చట్టం ఇది. దీన్ని పక్కనుంచి దాటే ఉపాయం ఎవరడిగినా నేను చెప్పను.

ఇక డబ్బు మీది, పేరు మరొకరిది అయితే అది బినామీ. 2016 సవరణ తర్వాత బినామీ చట్టం కింద ఆస్తి జప్తు కావచ్చు. ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా కఠిన కారాగార శిక్ష, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా పడవచ్చు. పేరు ఇచ్చిన ఆ మిత్రుడికీ అదే శిక్ష. అతను ఎంత మంచివాడైనా, రేపు అతని వారసులు ‘ఈ గది మాది’ అంటే మీరు కోర్టు మెట్లు ఎక్కలేరు.

సరే, చట్టం అడ్డు లేదనే అనుకుని లెక్క వేద్దాం. అరకులో రద్దీ అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, అంటే దాదాపు 16 వారాలు. అందులోనూ జనం వచ్చేది ఎక్కువగా శని, ఆదివారాలు. ఆ రెండు రోజులూ రోజుకు 25 వేలు, మిగతా అయిదు రోజులూ 6 వేల చొప్పున అమ్మినా వారానికి 80 వేలు, సీజనంతా కలిపి 12.8 లక్షలు. మిగిలిన 36 వారాలకు వారానికి 15 వేల చొప్పున 5.4 లక్షలు. మొత్తం 18.2 లక్షలు. కొన్న ధర పోగా 35 శాతం మిగిలితే 6.37 లక్షలు. ఇద్దరు పనివాళ్ళకు నెలకు 12 వేల చొప్పున ఏడాదికి 2.88 లక్షలు, కరెంటు, రవాణా ఖర్చులు 60 వేలు, బంగారం అప్పుకు 10 శాతం వడ్డీ లక్ష, అబ్బాయి అక్కడ ఉండడానికి, భోజనానికి 1.2 లక్షలు తీసేయండి. చేతిలో మిగిలేది 69 వేలు. మీ అమ్మాయి డిపాజిట్‌కు ఆరున్నర శాతం వడ్డీ వచ్చినా, ఎవరూ కష్టపడకుండానే అంతకంటే ఎక్కువ వస్తుంది.

ఈ 69 వేలు కూడా నిలవడం కష్టం. పిల్లల బట్టల్లో ఒక్కో డిజైనును ఆరేడు సైజుల్లో కొనాలి. రెండు మూడు సైజులు ముందే అమ్ముడైపోతే మిగిలిన ముక్కలు ఏ బిడ్డకూ సరిపోకుండా అరలో ఉండిపోతాయి. మామూలు గౌన్లయితే ఆషాఢంలో తగ్గింపు పెట్టి వదిలించుకుంటారు. ఊలు స్వెటర్లను ఫిబ్రవరి తర్వాత బెజవాడ ఎండలో ఎవరు కొంటారు? మళ్ళీ చలి వచ్చేదాకా మీ డబ్బు గోనె సంచుల్లో ఉన్నట్టే.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మరొకటి. అరకు సీజను, మీ దుకాణం సీజను ఒకేసారి వస్తాయి. లుధియానా నుంచి స్వెటర్లకు ఆగస్టు, సెప్టెంబరుల్లో డబ్బు కట్టాలి. దసరా, దీపావళి సరకుకు మీరు డబ్బు కట్టేదీ అప్పుడే. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా వన్‌టౌన్‌లో మీ దుకాణంలో నిలబడడానికి చోటుండదు, ఆ రోజుల్లోనే మీ అబ్బాయి కొండ మీద ఉంటాడు. రెండో దుకాణానికి వెళ్ళేది బంగారం డబ్బు మాత్రమే కాదు, మొదటి దుకాణంలో నమ్మకమైన ఒక మనిషి కూడా.

అబ్బాయి ఉత్సాహాన్ని చంపమని నేను చెప్పడం లేదు. కొండ మీదికి వచ్చాక చలి తెలిసి పిల్లలకు స్వెటరు, మంకీ టోపీ కొనే తల్లిదండ్రులు ఉంటారన్న అతని అంచనా నిజమే. ఆ అమ్మకం అక్కడివాళ్ళు చేయాలి, సరకు మీరు ఇవ్వాలి. అరకులో గిరిజనులు నడుపుకునే దుకాణాలకు, మహిళా పొదుపు సంఘాలకు రెండు లక్షల రూపాయల సరకుతో ఈ ఏడాది టోకుగా వేసి చూడండి. సగం డబ్బు ముందు, మిగతాది అమ్మాక. జనవరి ఆఖరుకు మిగిలినదాంట్లో నాలుగో వంతు దాకా వెనక్కి తీసుకుంటామని కాగితం మీద రాసుకోండి. పూర్తిగా తీసుకుంటామని మాత్రం ఒప్పుకోవద్దు. అదే రాష్ట్రం కాబట్టి కాంపోజిషన్ పథకానికి ఇబ్బంది లేదు, అమ్మకాలు కోటిన్నర దాటనంత వరకు ఒక శాతం పన్నుతోనే నడుస్తుంది. ‘అరకు కాకపోతే ఊటీ’ అనే ఆలోచన వస్తే జాగ్రత్త. ఇక్కడి నుంచి తమిళనాడుకు సరకు పంపితే అది అంతర్రాష్ట్ర సరఫరా, కాంపోజిషన్ అర్హత పోతుంది.

అబ్బాయికి ఇప్పుడు జీతమంటూ ఉందా? మీ ఉత్తరంలో ఆ మాట కనిపించలేదు. గల్లాపెట్టె నుంచి ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకునే ఇళ్ళలో కుర్రవాళ్ళకు సొంత దుకాణం మీద మనసు పుట్టడం సహజం. అతనికి నెలకు ఇంత అని జీతం పెట్టండి. ఈ టోకు వ్యాపారం లెక్క విడిగా రాయించి, లాభంలో సగం అతనికే ఇవ్వండి.

డిపాజిట్ జోలికి వెళ్ళవద్దు. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. బయానా 50 వేలు మర్యాదగా అడిగి తీసుకునే ప్రయత్నం చేయండి. రాకపోతే అంతటితో వదిలేయండి. దాన్ని కాపాడుకోవడానికి ఇంకో లక్ష ఇవ్వమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.