బబీసియా ఈక్వై, థైలేరియా ఈక్వై వేర్వేరా?

రెండూ ఒకే జీవి. గుర్రాల రక్తంలో ఉండే ఈ పరాన్నజీవిని 1998లో బబీసియా ప్రజాతి నుంచి థైలేరియాలోకి మార్చారు. కారణం దాని జీవితచక్రం. బబీసియాలు పిడుదు కాటు నుంచి నేరుగా ఎర్ర రక్తకణాల్లోకి దూరతాయి. ఇది మాత్రం ముందు లింఫోసైట్లనే తెల్లకణాల్లో వృద్ధి చెంది, ఆ తర్వాతే ఎర్రకణాల్లోకి వస్తుంది. పైగా గుర్రాల్లోనే ఉండే మరో పరాన్నజీవి బబీసియా కబాలై, తల్లి పిడుదు నుంచి గుడ్ల ద్వారా దాని పిల్లలకు పోతుంది. ఈక్వై సాధారణంగా అలా పోదు.

గీమ్సా రంగు వేసిన స్లైడు చూడండి: ఒకే ఎర్రకణంలో నాలుగు చిన్న రూపాలు శిలువలా కలిసి ఉంటే ఈక్వై. రెండు పెద్ద బేరిపండు ఆకారాలు కొసల దగ్గర కలిసి ఉంటే కబాలై. అయితే పాత కేసుల్లో పరాన్నజీవులు చాలా తక్కువగా ఉంటాయి, స్లైడులో ఏమీ కనబడకపోయినంత మాత్రాన లేదనుకోకూడదు. పీసీఆర్ (పరాన్నజీవి డీఎన్ఏను పట్టే పరీక్ష) లేదా యాంటీబాడీ పరీక్ష కావాలి.

ఈక్వై, కబాలై రెండింటి వల్ల వచ్చే జబ్బునూ పైరోప్లాస్మోసిస్ అనే అంటారు కాబట్టి చికిత్స ఫలితమూ ఒకటే అనుకుంటారు, అది పొరపాటు. ఇమిడోకార్బ్ అనే మందుకు కబాలై తేలిగ్గా లొంగుతుంది. ఈక్వై లక్షణాలు తగ్గాక కూడా తరచుగా జీవితాంతం ఒంట్లోనే ఉండిపోతుంది. సర్రా అనే జబ్బు కలిగించే ట్రిపనోసోమా ఇవాన్సైని కూడా ఈ గుంపులో కలిపేస్తుంటారు. అది కశాభంతో (కొరడాలాంటి తోకతో) కణాల బయట, ప్లాస్మాలో ఈదే పూర్తిగా వేరే వర్గం.